ఇంటిపేరు ఇవ్వని సువార్తలు

రెండో శతాబ్దపు బిషప్పుల మీద నాకు ఏ కోపమూ లేదు. నా కోపమంతా వాళ్ళను నాకు పరిచయం చేసిన మనిషి మీద. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన గుమాస్తాల్లో మా నాన్న ఒకరు. మాది గుంటూరు వైపు. నాంపల్లి స్టేషన్ వెనక ఒక పాత ఇంట్లో రెండు గదుల వాటాలో దిగాం. నేను అక్కడే పెరిగి, కోఠీలో బి.ఏ. చదివి, ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నప్పుడు, అబిడ్స్ వెనక సందులో ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణం కిటికీ అద్దానికి అంటించిన అట్టముక్క కనిపించింది. తెలుగు చక్కగా రాయగలవారు కావలెను, మతం పట్టింపు లేదు అని దాని మీద ఉంది. ఇది అరవైల చివరి మాట.

మతం పట్టింపు లేదని ఎందుకు రాశారో చేరాక తెలిసింది. వాళ్ళ పుస్తకాల తెలుగు వాళ్ళకే కొరుకుడు పడడం లేదు. పాతకాలపు దొరలు కష్టపడి నేర్చుకున్న తెలుగులా ఉందని దుకాణాన్ని నడిపే కమిటీవాళ్ళే నవ్వుకునేవారు. బయటి పిల్ల రాస్తే బయటివాళ్ళకు కూడా అర్థమవుతుందని నన్ను పెట్టుకున్నారు. అంటే, హిందువుని కావడమే ఆ ఉద్యోగానికి నా అర్హత. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

నా పని మేడ మీద, ఒక రిటైరైన పాస్టరు దగ్గర. క్రైస్తవులు పాస్టరును అయ్యగారంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయనది మెదక్ వైపు పల్లె. గ్రీకు చదివిన మనిషి. జీవితమంతా పాస్టర్లు కాబోయేవాళ్ళకు పాఠాలు చెప్పాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కళ్ళకు పొరలు కమ్మి, అక్షరం కనపడని స్థితికి వచ్చాడు. దుకాణం వెనక ఒక గది కమిటీవాళ్ళు ఆయనకు ఉండడానికి ఇచ్చారు. ఏసు తర్వాతి మొదటి మూడు నాలుగు వందల ఏళ్ళలో సంఘాన్ని నడిపిన బోధకుల గురించి తెలుగులో ఒక పుస్తకం రావాలని ఆయన కోరిక. తలలో పుస్తకమంతా ఉంది, రాసే కళ్ళు లేవు. ఆ కళ్ళు నేను.

పని పద్ధతి ఇలా ఉండేది. వెళ్ళగానే ఆయన ప్రార్థన చేసేవాడు. నేను కళ్ళు మూసుకోవాలో తెరవాలో తెలియక నేల వంక చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత ఆయన తన మాటల్లో చెప్పుకుపోయేవాడు. నేను దాన్ని అచ్చుకు పనికొచ్చే తెలుగులో పెట్టి, ప్రతి పేరా పైకి చదివి వినిపించాలి. ఆయన తల పంకించి "ఔ" అంటేనే తర్వాతి పేరా. నచ్చకపోతే "ఊఁహూఁ, గట్ల కాదు బిడ్డా" అని మళ్ళీ మొదలు. ఆయన "ఔ" లేకుండా ఆ కాగితాల మీద ఒక్క ముక్క కూడా నిలవలేదు. అధ్యాయం పూర్తయ్యాక శనివారం మధ్యాహ్నం కమిటీ ముందు నేను పైకి చదవాలి. అందరూ "ఆమేన్" అంటే అది ప్రెస్సుకు పోతుంది.

ఏసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల గురించిన అధ్యాయం దగ్గర నాకు ఒక సందేహం వచ్చింది. పడమటి దేశంలోని ఒక బిషప్పు, లోకానికి దిక్కులు నాలుగు, గాలులు నాలుగు, కాబట్టి సువార్తలూ నాలుగే, ఎక్కువా కాదు తక్కువా కాదు అన్నాడని అయ్యగారు చెప్పాడు. రాసుకున్నాను. మా అమ్మమ్మ పాడే సీతమ్మ పాటల్లో సగం ఏ రామాయణంలోనూ ఉండవు. అయినా ఆవిడ పాడుతుంటే ఎవరూ ఆపలేదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి అడిగేశాను.

"నాలుగే అని అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, ఇంకా ఉండే ఉంటాయి కదా అయ్యగారూ? అవేమయ్యాయి?"

ఆయన తల వంచుకున్నాడు. తప్పు మాటేదో అన్నానని భయపడ్డాను. తీరా చూస్తే నవ్వుతున్నాడు.

"ఇంతమందికి పాఠం చెప్పిన, బిడ్డా. ఒక్కడు గూడ గీ మాట అడగలే."

ఆ రోజు నుంచి మా పుస్తకంలో కొత్త అధ్యాయం మొదలైంది. బయటి సువార్తల గురించి. అది ఆయన అనుకున్న పుస్తకంలో లేదు, నా ప్రశ్న వల్ల వచ్చింది. కానీ అందులోని ప్రతి సంగతీ ఆయనదే. ఆ సంగతులు నాకెక్కడివి? అలెగ్జాండ్రియా ఎక్కడుందో కూడా నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు.

ఈజిప్టులోని ఆ నగరంలో ఒక గురువు ఉండేవాడట. బయటి సువార్తలోని ఒక మాటను ఎవరో తన ముందు వాదనకు తెస్తే, ఈ మాట మనకు అందిన నాలుగింటిలో లేదు సుమా అని ముందే చెప్పి, ఆ తర్వాత దాన్ని పారేయకుండా, దానికి సరైన అర్థం ఏమిటో ఓపికగా విప్పి చెప్పాడట. ఆయన తర్వాతి తరం పండితుడు ఇంకో రకం. సంఘానికి నాలుగే, మిగతావి దారి తప్పినవాళ్ళవి అంటూనే, తెలియనివాళ్ళం అనిపించుకోకూడదు కనుక వాటిని చదివాం అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు అయ్యగారి మొహం వెలిగిపోయేది. ఇంకా తర్వాత చరిత్ర రాసిన ఒక బిషప్పు అన్నింటినీ కుప్పలు పోశాడు. అందరూ ఒప్పుకున్నవి ఒక కుప్ప, కొందరు ఒప్పుకొని కొందరు ఒప్పుకోనివి ఒక కుప్ప, ఒట్టి కల్పితాలు ఇంకో కుప్ప. వాటి కిందన, ముట్టుకోకూడనివి. బియ్యంలో నూకలు, రాళ్ళు వేరు చేసినట్టు ఉందన్నాను. "ఔ, గని కొన్ని గింజలు ఏ కుప్పల వేయాల్నో ఆయనకు గూడ సమజ్ కాలే," అన్నాడు.

అందరిలో నాకు నచ్చింది అంతియొకయ అనే పట్టణపు బిషప్పు కథ.

"దగ్గర్ల ఒక చిన్న ఊరి సంఘం ఉండె," అని మొదలుపెట్టాడు అయ్యగారు. "ఏసు శిష్యుడైన ఒక అపొస్తలుని పేరు మీద మా కాడ ఒక సువార్త ఉన్నది, చదువుకోవచ్చునా అని వాళ్ళు అడిగిన్రు. ఈయన చదవలే. గింత చిన్నదానికి లొల్లి ఎందుకు, చదువుకోండ్రి అని వాపసు వచ్చిండు."

"చదవకుండానే ఒప్పుకున్నారా?"

"చదవకుండనే. తర్వాత ఎవరో చెవిల వేసిన్రు, అండ్ల ఏదో తేడా ఉన్నదని. అప్పుడు దాన్ని నమ్మెటోళ్ళ కాడనే అడిగి తెచ్చుకొని చదివిండు. చానా మట్టుకు మంచిగనే ఉన్నది, కొన్ని మాటలు కలిపిన్రు అన్నడు. ఏమేం కలిపిన్రో రాసి పంపిండు. అపొస్తలులను మేము ప్రభువు లెక్కనే చూస్తం, గని వాళ్ళ పేరు పెట్టుకొని ఇంకొకరు రాసింది ఒప్పుకోం అన్నడు."

"మరి ఆ సువార్త ఇప్పుడుందా?"

"ఒక ముక్క దొరికింది. చానా వాటికి గా ముక్క గూడ లేదు. ఎవరు కాదన్నరో వాళ్ళ నోట్లనే మిగిలినయ్. కాదనేటందుకైనా ఆ మాట చెప్పాలె గద బిడ్డా."

ఈ మాట నా బుర్రలో ఎందుకో అలా నిలిచిపోయింది.

ఇంటికి వెళ్ళి ఆ రోజు రాసింది అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మ గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తూ వినేది. ఒక బయటి సువార్తలో బాల ఏసు మట్టితో పిచ్చుకలు చేసి చప్పట్లు కొడితే అవి ఎగిరిపోతాయి. పెద్దలు ఆ కథను పుస్తకంలోకి రానివ్వలేదన్నాను. "ఏవిటే అంత పాపం? మన చిన్నికృష్ణుడు చేసినవాటి ముందు ఇదొక లెక్కా?" అంది అమ్మ. ఆమెకు ఆ బిషప్పులంటే కొంచెం కోపం, కొంచెం జాలి. ఇంటి పెద్దకోడలికి ఉండే బాధ్యత వాళ్ళది అనేది.

ఆ మాట పట్టుకొనే అధ్యాయం చివర నేను ఒక వాక్యం రాశాను. ఆ అధ్యాయం మొత్తంలో నా సొంతం అదొక్కటే. "బయటి సువార్తలను ఆ పెద్దలు పక్కింటి పిల్లల్లా చూశారు, అన్నం పెట్టారు, ఇంటిపేరు ఇవ్వలేదు." మర్నాడు చదివి వినిపించి, కొట్టేయమంటే కొట్టేస్తానన్నాను. అయ్యగారు మళ్ళీ చదవమన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు.

"ఔ," అన్నాడు. "నేను గింత పెద్ద అధ్యాయం చెప్పిన. నువ్వు ఒక్క మాటల తేల్చినవ్. ఎవరేమన్నా గీ మాట తియ్యనియ్య, నాది జిమ్మ." జిమ్మ అంటే పూచీ.

నాన్న తర్వాత ఒక మగవాడు నా తెలివిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంతో అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా బస్సెక్కకుండా నడిచి వచ్చాను.

కమిటీ ముందు చదివింది ఎండాకాలం శనివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఫ్యాను తిరుగుతోంది. పెద్దమనుషులు గంగిరెద్దుల్లా తలలాడిస్తున్నారు, సగం నిద్రలో. నేను గొంతెత్తి అంతియొకయ బిషప్పు కథ చదివాను, చదవకుండానే ఆయన ఒప్పుకున్న వైనం చదివాను. వీళ్ళు వినకుండానే "ఆమేన్" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. అయ్యగారి వైపు చూస్తే ఆయనా మీసం చాటున నవ్వుతున్నాడు. ఆ నవ్వులో మేమిద్దరం ఒక పక్షం అనుకున్నాను. నా వెర్రి.

ప్రూఫులు వచ్చాక కమిటీకి కొత్త కార్యదర్శి వచ్చాడు. మాలాగే కోస్తా మనిషి. ఆయన నిద్రపోయే రకం కాదు. ప్రూఫు మొత్తం చదివి, అందరినీ పిలిపించాడు. నన్ను కూడా ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టారు.

"పక్కింటి పిల్లలేమిటండీ?" అన్నాడు కార్యదర్శి. "దొంగ సువార్తలకు మన పెద్దలు అన్నం పెట్టారా? పల్లెల్లో పాస్టర్లు ఇది చదివితే ఏమవుతుంది? ఇది ఎవరు రాశారు?"

నాకు బెదురు లేదు. అయ్యగారు ఉన్నాడు. ఆ అలెగ్జాండ్రియా గురువులా నిదానంగా మొదలుపెట్టి, ఇది నాలుగింటిలోది కాదు, కానీ దీని అర్థం ఇదీ అని విప్పి చెబుతాడనుకున్నాను.

"గా మాట నాది కాదు," అన్నాడు అయ్యగారు. "గా పిల్ల రాసింది."

నిజమే కదా. ఇప్పుడు తన మెప్పు కూడా చెబుతాడని నేను చిన్నగా నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కార్యదర్శి కాగితాలు బల్ల మీద పెట్టాడు. "ఆ మాట ఒక్కటేనా? అధ్యాయమంతానా? ఎందుకంటే అయ్యగారూ, ఇది మీ అభిప్రాయమే అయితే, మీ సంగతి కూడా కమిటీ ఆలోచించాల్సి ఉంటుంది."

అయ్యగారు చేతికర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నాకు కండ్లు కానరావు గదా," అన్నాడు. "ఏం రాసిందో నాకేం ఎరుక. పిల్ల మంచిదే. గని హిందువుల పిల్ల. మన సంగతి ఆమెకెట్ల తెలుస్తది. నా పేరు మీద తన సొంతం కలిపింది. గా అధ్యాయం నాది కాదు."

నేను స్టూలు మీంచి లేచాను.

"ప్రతి పేరాకూ ఔ అన్నారు కదా అయ్యగారూ."

ఆయన నా గొంతు వచ్చిన వైపు కూడా తిరగలేదు. కార్యదర్శి నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు, మర్యాదగానే. మిగతావాళ్ళు "ఆమేన్" అనలేదు కానీ అన్నంత పని చేశారు. వాళ్ళు నిద్రపోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనెత్తి ఉండాల్సింది. ఆ కోపంలో నాకు వాళ్ళ నిద్ర గుర్తు రాలేదు.

పేరు పెట్టుకొని ఇంకొకరు రాసింది ఒప్పుకోం. నాకు పాఠంగా చెప్పిన మాటనే ఆయన నా మీదికి తిప్పాడు. ఆ బిషప్పు కనీసం పుస్తకం అడిగి తెచ్చుకొని, చదివి, ఆ తర్వాత కాదన్నాడు. ఈయన ప్రతి ముక్కా తన నోటితో చెప్పి, తన చెవులతో విని, ఔనని, కాదన్నాడు.

మెట్లు దిగుతుంటే వెనక కర్ర చప్పుడైంది.

"బిడ్డా, జర ఆగు," అన్నాడు. మెట్ల పైనే నిలబడ్డాడు. "గీ రూము తీస్కుంటే నేనేడికి పోవాలె? గీ వయసుల, గీ కండ్లతోని? నీకు సదువున్నది. ఇంకో నౌకరి దొరుకుతది."

అది అబద్ధం కాదు. గది పోతే ఆయన రోడ్డున పడేవాడు. నాకు జాలి కలిగింది, దానితో కోపం ఇంకా పెరిగింది.

"నౌకరీ దొరుకుతుంది అయ్యగారూ," అన్నాను. "మీ పేరు మీద అబద్ధం రాసిన పిల్ల అన్నారు. అది ఎవరు తీస్తారు?"

బయటికి వచ్చాను. మతం పట్టింపు లేదన్న అట్టముక్క కిటికీ అద్దానికి ఇంకా అలాగే ఉంది. ఇంకొకరి కోసం పనికొస్తుందని తీయలేదేమో. నాంపల్లి స్టేషన్ ముందు రిక్షాల మధ్య నిలబడి ఏడ్చాను. ఒక రిక్షా అతను నాకు రైలు తప్పిపోయిందనుకున్నాడో ఏమో, ఇంకో బండి ఉందమ్మా, ఫికర్ చెయ్యకు అన్నాడు.

అమ్మకు చెబితే ఆమె ముందు నమ్మలేదు. "అంత పెద్దాయన అలా అంటాడుటే?" అని రెండుసార్లు అడిగింది. నాకు లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో చిత్తు ప్రతులు సాపు చేసే ఉద్యోగం దొరికింది. అబిడ్స్ వెళ్ళాల్సి వస్తే ఆ సందు ముఖం చూడకుండా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఎవరైనా "ఔ" అంటే, నిజంగా ఔననే అంటున్నారా అని మొహం చూడడం అప్పుడే అలవాటైంది. ఆ అలవాటు నాకు తర్వాత చాలా నష్టం చేసింది. అది వేరే కథ.

మరుసటి ఏడు జనవరిలో అమ్మా నేనూ నాంపల్లి నుమాయిష్‌కు వెళ్ళాం. అమ్మకు పింగాణీ జాడీలు కావాలి, ఆవకాయకు. జాడీల దుకాణం పక్కనే ఆ పుస్తకాల స్టాలు. నేను గబగబా నడిచిపోబోతే అమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. ముందు వరసలోనే ఉంది ఆ పుస్తకం. అట్ట మీద అయ్యగారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మ చేతిలోకి తీసుకొని తిప్పడం మొదలుపెట్టింది. స్టాల్లో కూర్చున్న ఆయన నాకు తెలియదు, కొత్తగా పెట్టుకున్నట్టున్నారు.

బయటి సువార్తల అధ్యాయం లేదు. ఉండదని తెలుసు. అలెగ్జాండ్రియా గురువు లేడు. చదవకుండా ఒప్పుకున్న బిషప్పు లేడు, చదివి కాదన్న బిషప్పుగా మాత్రం ఒక చోట ఉన్నాడు. చాలులే పద అన్నాను. అమ్మ వినలేదు. నాలుగు సువార్తల అధ్యాయం చివరికి వచ్చి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"కొందరు తెలియక, బయటి సువార్తలను ఆ పెద్దలు పక్కింటి పిల్లల్లా చూశారు, అన్నం పెట్టారు, ఇంటిపేరు ఇవ్వలేదు అని అంటారు. ఇది శుద్ధ తప్పు. ఆది బోధకులందరూ వాటిని ఏకకంఠంతో ఛీకొట్టారు."

ఏకకంఠంతో. ఆయనకు నిజం తెలుసు. ఆ కుప్పల సంగతి, తెలియనివాళ్ళం అనిపించుకోకూడదని చదివిన పండితుడి సంగతి నాకు చెప్పింది ఆయనే. ఈ మాట ఎవరి చేత రాయించాడో, వాళ్ళు పైకి చదివి వినిపిస్తే దీనికీ "ఔ" అనే ఉంటాడు.

నా వాక్యం మాత్రం పొల్లుపోకుండా ఉంది. కాదనేటందుకైనా ఆ మాట చెప్పాలె గద బిడ్డా. తర్వాత రోజుల్లో ఈ కథ విన్న ఒక స్నేహితురాలు, ఆయన కావాలనే అలా దాచి ఉంచాడేమో, అది ఆయన చేసిన ప్రాయశ్చిత్తమేమో అంది. నేను ఒప్పుకోను. దాచేవాడు ఎవరిదో చెప్పి దాస్తాడు. ఆయన నా మాట పుచ్చుకొని, నా మీదే తప్పు రాసి, తన గదిలో నిద్రపోయాడు.

అమ్మ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఇది నీ మాటే కదే. చిక్కుళ్ళు ఒలుస్తుంటే చదివావు. మరి ఈ కొందరు ఎవరు?"

"నేనేనమ్మా."

అమ్మ నన్ను చూసింది, మళ్ళీ ఆ పంక్తి చూసింది. మా అమ్మ పరాయి మగవాళ్ళతో అంతగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు పుస్తకం స్టాలాయన ముందు తెరిచి పెట్టి, ఆ చోట వేలు ఆనించింది.

"కొందరెవరూ లేరు బాబూ. ఇది మా అమ్మాయి మాట."

ఆయన ఆ పంక్తి చదివాడు. అట్ట తిప్పి చూశాడు, మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ కూడా చూశాడు. వెటకారం లేకుండా, నిజంగానే తెలియక అడిగాడు.

"పేరు ఏడ ఉన్నదమ్మా?"